నొప్పి గడిలో సున్నా

మేము బరువులెత్తే వ్యాయామశాలలో ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఉంటుంది. రోజూ ప్రాక్టీసుకి ముందు అందులో మూడు గడులు నింపాలి. ఒంటి బరువు ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాం, నొప్పి పదికి ఎంత. ఈ మూడో గడిలో అయిదు నెలలపాటు నేను సున్నా తప్ప ఇంకో అంకె వెయ్యలేదు. ఆ సున్నాల సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. కూర్చున్నాను అని రాయగలగడమే నాకు గొప్ప. పోయినేడు ఈ రోజుల్లో నన్ను కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది.

నా పేరు ఝాన్సీ. ఇరవై రెండేళ్ళు. మాది కంకిపాడు. నాన్న ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాన్ కట్టలు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. తొమ్మిదో తరగతి నుంచి నేను రోజూ బస్సెక్కి బెజవాడ వెళ్ళి బరువులెత్తుతున్నాను. మా మాస్టారి పేరు రాఘవయ్య. ఆయన నోట రెండే మాటలు వచ్చేవి. మనసు గట్టిదైతే ఒళ్ళు దాని వెనకాలే నడుస్తుంది అనేది ఒకటి. నిన్నటికంటే ఇవాళ ఒక్క ముక్క ఎక్కువ నేర్చుకుంటే చాలు, పతకం సంగతి తర్వాత అనేది రెండోది. మేము మొదటిది చెవిన వేసుకుని రెండోది గాలికి వదిలేశాం.

నొప్పి గడి ఆయన పెట్టిందే. నాలుగు దాటిందని రాస్తే ఆ వారం బరువులెక్కించే బార్ ముట్టనిచ్చేవారు కాదు. మంచి నియమమే, కానీ మా ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి అంకె వెయ్యడం అంటే చేతకానితనం అయిపోయింది. స్వప్న అనే అమ్మాయి ఒకసారి నిజాయితీగా ఆరు అని రాసి, వారం ఇంట్లో కూర్చుని, సెలక్షన్లు పోగొట్టుకుంది. ఆ తర్వాత దాన్ని అందరం ‘ఆరో నంబరు’ అని పిలిచేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే.

జూన్ నుంచి

పోయినేడు జూన్‌లో ఒక సోమవారం వెన్ను మధ్యలో మేకు దిగినట్టు నొప్పి మొదలైంది. వంటచేసేవాళ్ళకి వేళ్ళు కాలడం ఎంతో బరువులెత్తేవాళ్ళకి వెన్ను నొప్పి అంతే. బామ్ రాసుకుని ఊరుకున్నాను. పదిరోజుల్లో పోవాల్సింది పోలేదు. మామూలు నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగేది.

అక్టోబరులో రాష్ట్ర పోటీలు ఉన్నాయి. అందులో పతకం వస్తే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎనిమిదేళ్ళుగా మా ఇల్లంతా ఆ ఒక్క ఉద్యోగం వైపే చూస్తోంది. ఇలాంటప్పుడు నొప్పి గడిలో అంకె వేసి వారం ఇంట్లో కూర్చుంటానా?

జూలై చివరికి నా బరువు దానంతటదే తగ్గడం మొదలైంది. యాభై తొమ్మిది నుంచి యాభై ఏడు, తర్వాత యాభై ఆరు. మా ఆటలో ఒంటి బరువును బట్టి విభాగాలుంటాయి. కింది విభాగంలోకి దిగితే పతకం దగ్గరవుతుంది. అందుకోసం మిగతావాళ్ళు అన్నం మానేసి, ప్లాస్టిక్ జాకెట్లు తొడుక్కుని, ఎండలో పరుగెత్తి చెమట కారుస్తారు. నేను ఏమీ చెయ్యకుండానే దిగిపోతున్నాను. ఇంకో ఇంట్లో ఆడపిల్ల అలా కరిగిపోతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. మా దగ్గర చప్పట్లు కొట్టారు. మాస్టారు నన్ను కాటా మీద నిలబెట్టి, “క్రమశిక్షణంటే ఇదీ, చూసి నేర్చుకోండి” అని మిగతా పిల్లలకి చూపించారు. అప్పుడు నాకు జ్వరం ఉంది. ఆ జ్వరంతోనే నవ్వాను.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారేసరికి దిండు తడిసి ఉండేది. మనసు గట్టిగా ఉంటే ఇవన్నీ లెక్కలోకి రావనుకున్నాను. నాన్నకి నన్ను చూస్తే మహా గర్వం. షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ, మా అమ్మాయి రోట్లో తలపెట్టింది, ఇక రోకటిపోటుకి భయపడదు అని చెప్పుకునేవాడు.

అమ్మ ఒక్కతే గర్వపడలేదు. ఒక ఆదివారం తలంటుపోస్తూ వెన్నుకి నూనె రాస్తుంటే ఆమె బొటనవేలు ఒకచోట ఆగిపోయింది. ఇక్కడ బొడిపెలా ఏదో తగులుతోందేంటే అని అడిగింది. అది కండ అని, జాకెట్లు కుట్టుకునేదానివి నీకు మా ఆట ఏం తెలుసని కసురుకున్నాను. అమ్మ సాయంత్రం ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, చేతులు కడుక్కుని మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఎనిమిదేళ్ళలో నా వెన్ను మీద చెయ్యిపెట్టి ఏదో తేడాగా ఉందన్న మనిషి ఆవిడొక్కతే, నేను నోరు మూయించింది కూడా ఆవిడనే.

అక్టోబరు

పోటీలు మా బెజవాడలోనే జరిగాయి. నొప్పి బిళ్ళలు రెండు మింగి వెళ్ళాను. చివరి ప్రయత్నంలో బార్ భుజాల మీదికి వచ్చింది, పైకి తోశాను, ఎడమకాలు వెనక్కి వేశాను. ఆ కాలు నేల మీద ఆనిందో లేదో నాకు తెలియలేదు. ఆ కాలు నాది కాదు. అద్దెకి తెచ్చిన కాలు. కిందికి చూస్తే బార్ పడిపోతుందని ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడ్డాను. జడ్జీలు ముగ్గురూ సరే అని తెల్ల లైట్లు వెలిగించారు. రజతం వచ్చింది.

మాస్టారు అందరి ముందూ నా భుజం తట్టి, మనోధైర్యం అంటే ఇలా ఉండాలన్నారు. నాన్న చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు నా అంత మొండిదాన్ని నేనే అని మురిసిపోయాను. మర్నాడు నోటుబుక్కులో మళ్ళీ సున్నా రాశాను.

తొమ్మిది రోజులకి కంకిపాడు సెంటర్లో బస్సు ఆగింది. కుడికాలు మెట్టు మీద పెట్టాను. ఎడమకాలు రాలేదు. ఎక్కు అని చెప్పాను, అది వినలేదు. వెనకున్నవాళ్ళు తోసుకుంటుంటే రాడ్డు పట్టుకుని అలాగే వేలాడాను. ఎత్తాల్సిన మెట్టు మూరెడు కూడా లేదు. ఎవరితోనూ ఏమీ అనకుండా, చేతుల బలంతో దిగి, పక్కన కొట్టు అరుగు మీద కూలబడ్డాను. కండక్టరమ్మ రైట్ చెప్పకుండా రెండుసార్లు అడిగింది, ఏమైందమ్మా అని. ఏం లేదండీ, ఫోను మర్చిపోయాను అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆసుపత్రి

కొట్టువాళ్ళు కబురు పెడితే నాన్న వచ్చి నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. టోకెన్లు ఇచ్చి కూర్చోమన్నారు. ఇనుప కుర్చీల వరసలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పక్కనున్న ఆవిడ బత్తాయి వొలిచి సగం నా చేతిలో పెట్టింది. నేనెవరో, నాకేమైందో అడగలేదు. నా ముఖం చూస్తే ఆకలిదానిలా ఉన్నానేమో. ఆ సగం బత్తాయి రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. నన్ను ముందుకి వంగి కూర్చోమని, మెడ దగ్గర్నుంచి వెన్నుపూస మీద పిడికిలితో తడుతూ ఒక్కొక్కటే కిందికి వచ్చింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

ఇక్కడ నాన్న పని గురించి చెప్పాలి. లారీ కమాన్ కట్టలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలుంటాయి. కట్ట విప్పాక నాన్న ఒక్కో పట్టీనీ సుత్తితో తట్టి వింటాడు. బాగున్న పట్టీ ఖంగుమంటుంది. లోపల చీలిక ఉన్నది బొంగురుగా మోగుతుంది. ఆ చీలిక కంటికి ఆనదు. తట్టకుండా బిగిస్తే బరువు పడ్డ రోజున నడిరోడ్డు మీద విరుగుతుంది.

డాక్టరు పిడికిలి అమ్మ వేలు ఆగినచోటికి వచ్చింది. నేను పెట్టిన కేకకి బయట వరండాలో మాటలు ఆగిపోయాయి. తల తిప్పి నాన్న ముఖం చూశాను. ఆయనకి స్కానింగు అక్కర్లేకపోయింది. తర్వాత వరండాలో గోడకి చేరగిలబడ్డాడు. “ముప్ఫయ్యేళ్ళ నుంచి ఊళ్ళో లారీలన్నీ తట్టి చూశానమ్మా. నిన్ను తట్టలేదు” అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు కూడా రాలేదు.

వెన్నుకి క్షయ. క్షయ అంటే దగ్గే అనుకున్నాం మేము. ఎముకలోకి కూడా వస్తుందట. పూస పుచ్చిపోయి, చీము చేరి నరాలని నొక్కుతోందట. బరువు తగ్గిందీ, చెమటలు పట్టిందీ అందుకేనట. నా క్రమశిక్షణ మొత్తం ఆ రోగం చేసిన పని. ఆపరేషను చేసి చీము తీశారు. మళ్ళీ నడుస్తానా అని అడిగితే డాక్టరు చూద్దాం అంది. రోజూ అడిగేదాన్ని, రోజూ అదే మాట. కాదన్నా బాగుండేది, ఆశ పెట్టుకోకుండా పడుకునేదాన్ని.

మంచం

నవంబరు చివర్లో ఇంటికి తెచ్చారు. మెడ నుంచి నడుం దాకా గట్టి బెల్టు. పొద్దున్నే గుప్పెడు బిళ్ళలు. మూత్రం నారింజరంగులో వస్తుంటే మొదటిరోజు అమ్మా నేనూ కలిసి భయపడ్డాం. అన్నిటికీ అమ్మే. ఇరవై ఒక్కేళ్ళ పిల్లకి, తొంభై కేజీలు తలమీదికి ఎత్తిన పిల్లకి, అమ్మ పక్కలో గిన్నె పెట్టి తీసేది. నేను గోడవైపు తిరిగేదాన్ని.

చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ అమ్మ డిస్కు జారిందని చెప్పింది. క్షయ అంటే రేపు పిల్లకి సంబంధాలు రావని ఆవిడ భయం. ఇది పక్కవాళ్ళకి అంటుకునే రకం కాదని డాక్టరు చెప్పినా, విషయం తెలిసిన మేనత్త మా ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు. నాకు ఒళ్ళు మండి, నువ్వు కూడా సున్నాలు రాస్తున్నావా అమ్మా అని అరిచాను. ఆమెకి నోటుబుక్కు సంగతి తెలియదు. బిక్కమొహం వేసుకుని నిలబడింది.

నన్ను చూడ్డానికి ఆట తరపున మొదట వచ్చింది ఎవరనుకున్నారు? ఆరో నంబరు. స్వప్న. మంచం పక్కన కూర్చుని నా తల దువ్వి జడ వేసి వెళ్ళింది. పాత సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

ఇరవై రోజులకి మాస్టారు వచ్చారు. చేతిలో నా నోటుబుక్కు ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేజీలు తిప్పుతూనే ఉన్నారు.

“ఏ మనిషికైనా రోజూ సున్నా ఉంటుందా ఝాన్సీ?” అన్నారు. “నాకు మొన్నటిదాకా ఆ అనుమానమే రాలేదు. రాలేదని కూడా అనకూడదు. నువ్వు అబద్ధం రాశావు. నాకు ఆ అబద్ధం కావాల్సొచ్చింది.”

ఆయన పుస్తకాన్ని నా తలగడ పక్కన పెట్టి లేచారు. పెద్దమనిషి, గుమ్మం దాటేటప్పుడు చెప్పులు ఎక్కడ విడిచారో మర్చిపోయి వెతుక్కున్నారు. ఆయన వెళ్ళాక ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టాను.

ఆ చలికాలం గురించి ఎక్కువ రాయలేను. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఎనిమిదేళ్ళ పట్టుదలంతా పోగేసి ఎడమకాలి బొటనవేలికి కదలమని చెప్పేదాన్ని. అది కదిలేది కాదు. మనసు గట్టిదైతే ఒళ్ళు వెనకాలే నడుస్తుందన్నారే, మరి ఇదేమిటి? నా మనసు గట్టిది కాదా? లేక ఆ మాటే అబద్ధమా? బరువులెత్తడం తప్ప నాకు ఇంకేమీ రాదు. అది లేకపోతే నేనెవర్ని? చచ్చిపోతే అమ్మకీ నాన్నకీ విముక్తి అనిపించేది. జనవరిలో మూడురోజులు బిళ్ళలు మింగకుండా తలగడ కింద దాచాను.

అమ్మ దుప్పటి మారుస్తూ చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. బిళ్ళలన్నీ ఏరి చీర కొంగులో మూట కట్టుకుని మంచం అంచున కూర్చుంది. “నువ్వు లేచి నడవకపోయినా నాకు ఫర్వాలేదే. ఇలా మంచం మీద నన్ను కసురుకుంటూ ఉన్నా చాలు” అంది. ఆమె చెయ్యి నా వీపు కింద, అదే పూస దగ్గర, బెల్టు మీద ఉంది. వదిన వరసావిడ ఎవరో జాకెట్ల కోసం వచ్చి గుమ్మంలోంచి పిలిస్తే కూడా లేవలేదు. ఆ రోజు నుంచి బిళ్ళ మింగేదాకా కదిలేది కాదు. ఇలా మింగలేక కక్కలేక ఉన్నప్పుడు మీలో ఎవరైనా ఈ కాగితం చదివితే, ఒక్క మాట. దాచినవి ఇంట్లో ఎవరికో ఒకరికి చూపించండి.

ఎండాకాలం

మార్చిలో బొటనవేలు కదిలింది. గొప్పగా ఏమీ కాదు, చీమ కుట్టినట్టు చిన్న ఉలికిపాటు. ఏప్రిల్ నుంచి నాన్న ఆటోలో రోజూ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాడు. రెండు వైపులా కమ్మీలు, మధ్యలో నడక. ఎనిమిదడుగుల దూరం.

అక్కడ ఏడుకొండలమ్మగారు పరిచయమయ్యారు. బందరు వైపు చేపలమ్మే ఆవిడ. ఆటో బోల్తాపడి నడుం విరిగిందట. ఆ కమ్మీల మధ్య అడుగేసి కాలు తూలగానే, గది అదిరేలా “పట్టుకోండిరా, పడిపోతున్నా” అని కేకేసేది. అందరూ పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నాకు అసహ్యంగా ఉండేది. నేను మాత్రం పళ్ళు బిగించి నడిచేదాన్ని, చప్పుడు లేకుండా పడేదాన్ని. రెండుసార్లు అలా పడ్డాక ఆవిడ చక్రాల కుర్చీ నా దగ్గరికి తోయించుకుంది.

“ఏమ్మాయ్, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? పడేప్పుడు చెప్పవేం?”

అలవాటు లేదండీ అన్నాను. బరువులెత్తేదాన్ననీ, మా ఆటలో అలా అరవరనీ చెప్పాను.

“నేనూ ఎత్తానమ్మా బరువులు. ముప్ఫయ్యేళ్ళు చేపల గంప మోశా. ఒక్కరోజు కూడా ఒంటరిగా నెత్తికెత్తుకోలా, ఒంటరిగా దించుకోలా. దారినపోయే ఎవర్నైనా కేకేసి ఒక చెయ్యెయ్యి బాబూ అనేదాన్ని. సిగ్గుపడి ఒక్కదాన్నే దించుకున్నోళ్ళు మెడలు పట్టేసి ఎప్పుడో మానేశారు. నేను మోశా.”

నాకు వెంటనే బుద్ధి వచ్చిందని అబద్ధం రాయను. ఆవిడ మీద కోపమే వచ్చింది. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక నోటుబుక్కు ఎక్కడుందని అమ్మనడిగాను. జాకెట్ల ముక్కల పెట్టెలో దాచిందట. కొత్త పేజీలో మూడు గడులు గీశాను. మూడో గడి దగ్గర పెన్ను దానంతటదే గుండ్రంగా తిరగబోయింది. ఆపుకుని ఎనిమిది అని రాశాను. ఏమీ బరువెత్తకుండా, మంచం మీద కూర్చుని, అంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

మర్నాడు ఆ పేజీ ఫిజియోథెరపీ అమ్మాయికి చూపించాను. అంత నొప్పితో నడుస్తున్నావా అని ఆశ్చర్యపోయి, నడక ఆపించి, రెండు వారాలు కూర్చుని చేసే పనులే చేయించింది. నాలుగో వారానికి ఎనిమిదడుగులూ నడిచాను. మధ్యలో ఒకసారి, సన్నగానే, పట్టుకోండి అన్నాను. అటుపక్కనుంచి ఏడుకొండలమ్మగారు, వినపడలా, గట్టిగా అనమంది.

ఇప్పుడు

ఇంకా కొన్ని నెలలు బిళ్ళలు మింగాలి. మళ్ళీ పోటీలకి ఎత్తుతానో లేదో డాక్టరు చెప్పలేదు. ఆ చూద్దాం ఇంకా అలాగే ఉంది. ఉద్యోగం దరఖాస్తు గడువు దాటిపోయింది. కొన్ని రోజులు పొద్దున్నే కళ్ళు తెరవకముందు ఎడమకాలి వేళ్ళు కదిపి చూసుకుంటాను, ఉన్నాయా లేవా అని. ఆ భయం పోతుందనుకోను.

పోయినవారం మొదటిసారి వ్యాయామశాలకి వెళ్ళాను. మాస్టారు బార్ ఇవ్వలేదు. చేతికి ఒక వెదురు కర్ర ఇచ్చి, దాన్ని భుజాల మీద పెట్టుకుని మెల్లగా కూర్చుని లేవమన్నారు. నాకంటే చిన్నపిల్లలు బార్‌కి ఇనుప ప్లేట్లు ఎక్కిస్తున్నారు. నేను కర్రతో. ఏడోసారి లేచేటప్పుడు వెన్నులో చురుక్కుమంది. ఎవరూ చూడలేదు. ఇంకో మూడు చేస్తే పది అవుతాయి. పాత ఝాన్సీ అయితే చేసేది. చెయ్యాలనే ఉంది, నిజం చెప్తున్నాను, చాలా ఉంది.

కర్ర కింద పెట్టి బల్ల దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు తెరిచాను. మూడో గడిలో అయిదు అని రాసి మాస్టారి ముందు పెట్టాను. నాలుగు దాటింది. ఇక వారం రావద్దంటారనుకున్నాను. ఆయన ఆ అంకె చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇవాళ్టికి చాలు. రేపు వచ్చి మళ్ళీ రాయి” అన్నారు.

బస్టాపుకి వచ్చేసరికి కంకిపాడు బస్సు కదలబోతోంది. మెట్టు ఎత్తుగా కనిపించింది. కండక్టరమ్మ రైట్ చెప్పబోతుంటే, గట్టిగానే, అందరూ తిరిగి చూసేలా అన్నాను.

“ఆగండమ్మా, కాలు నొప్పిగా ఉంది. కాస్త చెయ్యివ్వండి.”

బస్సు ఆగింది.